పెరడు కాస్త ఒగ్గేయండి

మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో పిచ్చుక గూడు కొన్నాను. చెక్కది. ముందు గుండ్రటి కన్నం, పైన ఎర్రరంగు వేసిన బుల్లి కప్పు. ఖరీదు 360 రూపాయలు. ఆదివారం పొద్దున్నే నిచ్చెన వేసుకుని వీధివైపు గోడకి మేకు కొట్టి తగిలించాను. ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాను. చాలామంది చప్పట్లు కొట్టారు. పిచ్చుకలు మాత్రం రాలేదు.

మొదట బల్లి వచ్చింది. తర్వాత కందిరీగలు వచ్చాయి, బల్లి ఖాళీ చేసి వెళ్లిపోయింది. రెండో వేసవికి కప్పు మీది ఎరుపు వెలిసి, చెక్క విచ్చుకుంది. అది పడమటి గోడ. మే నెలలో మధ్యాహ్నం రెండు దాటాక ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. అందులో గుడ్లు పెడితే పొదగక్కర్లేదు, ఉడికిపోతాయి. ఆ సంగతి నాకు తట్టలేదు, పిచ్చుకకి తట్టింది.

ఇదే మూడేళ్లలో మా వీధి మలుపులో ఉన్న సైకిల్ షాపులో, షట్టర్ చుట్టుకునే రేకు డబ్బా మూల పిచ్చుకలు ఏటా పిల్లల్ని చేశాయి. షట్టర్ పూర్తిగా ఎత్తితే గూడు నలిగిపోతుంది. అందుకని ఆ షాపాయన గూట్లో పిల్లలున్నన్నాళ్లూ షట్టర్ నడుందాకా ఎత్తి, వంగి లోపలికి దూరుతున్నాడు. పంక్చర్ వేయించుకోడానికి వచ్చినవాళ్లూ వంగే దూరుతున్నారు. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం అని ఆయనకి తెలియదు. ఎందుకండీ ఇంత అవస్థ అంటే, "ఏటి సేస్తామండీ, పిల్లలెట్టీసింది కదా" అన్నాడు.

నా చెక్కగూడుని మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఒగ్గేయ్‌రా బాబూ. దాని కొంప అది కట్టుకుంటాది."

ఒగ్గేయడం అంటే వదిలేయడం. శ్రీకాకుళం వైపు ఈ మాటని వాడే తీరు వింటే గానీ దాని రుచి తెలియదు. ఏడుస్తున్న పసివాణ్ణి గట్టిగా పట్టుకుంటే ఒగ్గేయ్ అంటారు. గట్టు తగాదాని సాగదీస్తుంటే ఒగ్గేయ్ అంటారు. దూడని తల్లి దగ్గరికి ఒగ్గేయమంటారు. నువ్వు పట్టు సడలిస్తే అది బాగానే ఉంటుందిలే అనే భరోసా కూడా ఆ మాటలో ఉంటుంది. పెరటి పిట్టల విషయంలో నేను చెప్పదలచుకున్నది కూడా అంతే. వాటికి మనం చేయగలిగే మేలులో ముప్పాతిక వంతు ఏదో ఒకటి మానుకోవడంలోనే ఉంది. గూడు కొనడం, గింజల బస్తా తేవడం, ప్లాస్టిక్ ఫీడర్ వేలాడదీయడం, ఇవన్నీ ఎక్కువగా మన సరదాకే. నేను కొన్నవాణ్ణి కాబట్టి అనే హక్కు నాకుంది.

మాది టౌను చివర చిన్న ఇల్లు. వెనక పెరడు గట్టిగా పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. ఒక కొబ్బరిచెట్టు, ఒక మునగ, ఒక జామ, మందారం, అరటిపిలకలు రెండు. వానాకాలంలో నాచు పట్టి కాలు జారుతోందని, అమ్మకి మోకాళ్ల నొప్పులని, ఐదేళ్ల కిందట ఆ నేలంతా సిమెంట్ చేయించేశాను. కొబ్బరి మొదలు చుట్టూ పళ్లెమంత మట్టి మాత్రం మిగిలింది. కడుక్కుంటే అద్దంలా ఉండేది. ఆ అద్దం మీద ఒక్క పిట్ట దిగేది కాదు.

కారణం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అంతకుముందు ఆ నేల మీద పొద్దుటిపూట గోరింకలు జంటలుగా నడుస్తూ మట్టిలోంచి పురుగుల్ని లాక్కునేవి. జామచెట్టు కింద పొడి దుమ్ములో పిచ్చుకలు గుంటలు చేసుకుని పొర్లేవి. పిచ్చుకలు దుమ్ములో స్నానం చేస్తే వాన వస్తుందని మనవాళ్లంటారు. వాన సంగతేమో గానీ, ఆ దుమ్ముతో రెక్కల్లోని పేలు, జిడ్డు వదిలించుకుంటాయి. సిమెంట్ వేసి నేను వాటి వంటింటినీ, స్నానాలగదినీ ఒకేసారి మూసేశాను. ఆ తర్వాత రెండేళ్లకి గోడకి చెక్కగూడు తగిలించి రమ్మంటే ఎందుకొస్తాయి?

కిందటేడు ఆ సిమెంట్‌లో సగం పగలగొట్టించాను. వేసిన మేస్త్రీనే పిలిచాను. సమ్మెట పట్టుకుని కాసేపు నన్ను అలా చూసి, "అప్పుడు నానే ఏసినాను, ఇప్పుడు నానే బద్దలు కొడతన్నాను. డబ్బులు ఎక్కువైపోనాయేటి బాబూ" అన్నాడు. ఇంటి గుమ్మం నుంచి కొబ్బరిచెట్టు దాకా అమ్మ నడిచేంత దారి సిమెంట్‌గానే ఉంచాం. మిగతాది మట్టి. రాలిన ఆకు అక్కడే ఉంటుంది. మూడు నెలలు ఏమీ జరగలేదు. నాలుగో నెలలో ఒక నల్లంచి పిట్ట వచ్చి ఆ ఆకుల మీద తోక నిక్కబొడుచుకుని నిలబడింది.

ఒగ్గేయడం తెలియక నేను చేసిన పాడుపని ఇంకొకటుంది. అది కూడా చెప్పాలి. ఒక ఆషాఢంలో మందారం బాగా గుబురుగా పెరిగిందని కత్తెర తీసుకుని నరికాను. రెండో కొమ్మ కింద పడ్డాక చూస్తే, దానికున్న రెండు పెద్ద ఆకులు అంచులు కలిపి కుట్టి ఉన్నాయి. నిజంగానే కుట్టు. ఆకు అంచున సూది గుచ్చినట్టు వరసగా కన్నాలు, ఆ కన్నాల్లోంచి పత్తినూలో సాలెగూటి దారమో లాగి, జారిపోకుండా బయటవైపు పీచు విప్పేసి ఉంది. ఆ సంచి లోపల దూదిపరుపు. దర్జీ పిట్ట గూడు. మూడు గుడ్లలో ఒకటి అప్పటికే చితికిపోయింది. కొమ్మని పాత చీరముక్కతో మళ్లీ చెట్టుకి కట్టాను. పిట్ట వచ్చి, చుట్టూ తిరిగి, గొంతు పగిలేలా అరిచింది. రెండుసార్లు లోపలికి తొంగిచూసింది, కూర్చోలేదు. సాయంత్రానికి కుట్టిన ఆకులు వాడిపోయి ముడుచుకున్నాయి. ఇప్పుడు మా ఇంట్లో కొమ్మలు నరకడం చలికాలంలోనే, అదీ గుబురు లోపల చెయ్యి పెట్టి చూసుకున్నాకే.

పిచ్చుకల మాటకొస్తే అందరం ఒకే పాట పాడతాం. పిచ్చుకలు అంతరించిపోయాయి, సెల్‌టవర్లు మింగేశాయి అని. 2020లో మన దేశంలోని పరిశోధన సంస్థలు కలిసి పక్షుల పరిస్థితి మీద ఒక నివేదిక తెచ్చాయి. వేలమంది మామూలు పక్షి వీక్షకులు రాసిపెట్టిన లెక్కలే దానికి ఆధారం. దాని ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా ఇంచుమించు నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. టవర్ల రేడియేషన్ వల్లేననడానికి గట్టి రుజువు లేదని, పురుగులు తగ్గడం, గూడు పెట్టుకునే చోట్లు పోవడం మీదే అనుమానమని అందులో ఉంది. మనకి టవర్ కథ ఎందుకంత నచ్చిందంటే, టవర్ వేసింది మనం కాదు. పెరడు మూసింది మనం, చూరు తీసేసింది మనం.

టెక్కలి దగ్గర మా ఊళ్లో పాత పెంకుటిల్లు ఉండేది. దూలానికీ గోడకీ మధ్య సందులో ఒక జంట, గోడ మీద తాతగారి ఫోటో వెనక ఒక జంట. ఆ ఫోటో వెనక నుంచి గడ్డిపోచలు ఎప్పుడూ వేలాడుతూ, తాతగారికి జటలు పెరిగినట్టుండేది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఒళ్లంతా చెమట కారుతున్నా మా నాన్న ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు. అంతకుముందు ఒక మగపిచ్చుక ఫ్యాన్ రెక్క తగిలి మంచం మీద పడింది. అప్పట్నుంచి ఫ్యాన్ స్విచ్ మీద కాగితం ముక్క అంటించి ఉండేది. తాటాకు విసనకర్రతో విసురుకుంటూ పడుకునేవాళ్లం. అప్పట్లో దాన్ని పక్షి సంరక్షణ అని ఎవరూ అనలేదు. ఇంట్లో అందరికంటే పిచ్చుకలకే ఎక్కువ మర్యాద అని మా చిన్నాన్న సణిగేవాడు, అంతే.

వరి కోతలయ్యాక కంకులు ఏరి, అల్లి, చూరుకి కుచ్చు కట్టడం మా వైపూ ఉంది. గుళ్లలోనూ కడతారు. మంచి అలవాటే, ఇప్పటికీ కడుతున్నాను. అయితే దాంతో పని అయిపోయిందనుకోవద్దు. గింజ తినేది పెద్ద పిచ్చుక. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే కావాలి. తల్లీ తండ్రీ పొద్దస్తమానం గొంగళిపురుగులు, చిన్న మిడతలు పట్టుకొచ్చి నోట్లో కుక్కుతాయి. కుచ్చు కట్టి, పక్కనే మొక్కలకి పురుగుమందు కొడితే, తల్లిని భోజనానికి పిలిచి పిల్లని పస్తు పెట్టినట్టు. ఈమధ్య నర్సరీవాళ్లు ఒక మొక్క అమ్ముతున్నారు, కోనోకార్పస్. ఏడాదికే గోడంత ఎత్తు, పచ్చగా ఉంటుంది, పురుగు పట్టదు అని గొప్పగా చెబుతారు. పురుగు పట్టని చెట్టు పిట్టకెందుకు?

ఇక పేర్లు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు పెరట్లోని పిట్టని చూపించి పేరడగడం నాకో చెడ్డ అలవాటు. కాకి, చిలక, పావురం, పిచ్చుక. నాలుగుతో ఆగిపోతుంది. మిగతావన్నీ "ఏదో పిట్ట". మా అబ్బాయికి పెంగ్విన్లలో రకాలు తెలుసు, కరెంటు తీగ మీద చీలిన తోకతో కూర్చున్న నల్లపిట్టని మాత్రం కాకిపిల్ల అన్నాడు. అది ఏట్రింత. దానికే పసులపోలిగాడు అని మరో పేరు. మేసే ఆవు వీపు మీద కూర్చుని, గిట్టల కింద లేచిన మిడతల్ని ఎగిరి పట్టుకుంటుంది కాబట్టి పసులకాపరి అయింది. పోలయ్యలు, పోలినాయుళ్లు ఊరికి నలుగురుండే మా వైపు ఈ పేరు విన్నవాడు ఆ పిట్టని మర్చిపోడు. తన గూటి దరిదాపులకి వస్తే కాకినీ గద్దనీ కూడా తరిమికొడుతుంది, అందుకే మెతక పిట్టలు దాని చెట్టు చూసుకుని గూళ్లు కడతాయి. పేరు తెలిసిన రోజునుంచి మావాడు దాన్ని "పోలిగాడొచ్చాడు" అని పిలుస్తున్నాడు. అంతకు మించి నేనేమీ బోధించలేదు.

ఈ పేర్లు చాలావాటిని రాసిపెట్టింది ఒక తెల్లదొర అంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్, 1860లలో అచ్చువేసిన తన పక్షుల గ్రంథంలో చాలా పిట్టలకి తెలుగు పేరు కూడా ఇచ్చాడు. వేటగాళ్లనీ బోయలనీ అడిగి తెలుసుకుని ఉంటాడు. కలివికోడి అనే పిట్టకి ఇంగ్లిషులో ఉన్నది ఆయన పేరే. మన పెరట్లో తిరిగేవాటి పేర్లు మన నోట్లో లేకపోతే అవి పోయినా మనకి తెలియదు. "ఏదో పిట్ట" కనబడ్డం మానేస్తే ఎవరు గమనిస్తారు?

పేరు తప్పయితే ఇంకో చిక్కు. మా టెక్కలి మండలంలోనే తేలినీలాపురం ఉంది. గూడకొంగలు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వానాకాలం చివర వచ్చి, ఊళ్లోని చింతచెట్ల మీద, ఇళ్ల పెరళ్లలో గూళ్లు కట్టి, వేసవి ముదిరేలోగా పిల్లల్తో వెళ్లిపోతాయి. నౌపడ వైపు చిత్తడి నేలలే వాటి వంటిల్లు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు. ఏటా ఎక్కడో ఒకచోట చదువుతాం, "సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు" అని. ఈ మూడూ మన దేశంలోనే పుట్టి పెరిగేవి. గూడు కట్టుకోడానికి, మేతకి తావులు మారతాయి గానీ సైబీరియా ముఖం ఎరగవు. సైబీరియా అని చెబితే గొప్పగా ఉంటుందని కాబోలు. కానీ అతిథి అనుకుంటే అది ఎటైనా వెళ్లి బతుకుతుందిలే అనిపిస్తుంది, పోతే దూరదేశంలో ఏదో జరిగి ఉంటుందనుకుంటాం. ఇవి మన చెరువులు ఎండితే ఎండేవి, మన చెట్లు కొడితే గూడు లేనివి.

ఆ ఊరివాళ్లు మాత్రం ఏ బోర్డూ చదవకుండానే పెద్ద పాఠం నేర్చుకున్నారు. కొంగలున్న చెట్టు కింద ఉన్న ఇల్లంటే తమాషా కాదు. కప్పు మీద రెట్ట, గిన్నెల్లో రెట్ట, పిల్లల నోట్లోంచి జారిపడి కుళ్లిన చేపముక్కలు, నీచువాసన. ఒకసారి అక్కడ ఒక ముసలావిడని, వాసన ఎలా భరిస్తారమ్మా అంటే, "పురిటిల్లు వాసనే వస్తాది మరి" అంది. నేను చదివిన పక్షి సంరక్షణ వ్యాసాలన్నీ ఒక పక్క, ఆ మాట ఒక పక్క.

ఇదంతా బాగానే ఉంది గానీ, పాముల సంగతేంటండీ అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్న. మాకు నాగుపాము, కట్లపాము రెండూ ఉన్నాయి. పక్క వీధిలో కిందటి వానాకాలం మరుగుదొడ్డి వెనక కట్లపాము కనబడింది. పెరడంతా అడవి చేయమని నేననడం లేదు. ఇంటి గోడ నుంచి నాలుగడుగులు శుభ్రంగా ఊడుస్తాం, రాత్రి లైటు లేకుండా అడుగు పెట్టం, కట్టెలూ ఇటుకలూ గుట్టగా ఉంచం, బియ్యం నూకలు కుప్పపోసి ఎలుకల్ని పిలవం. గుబురు ఉండేది దూరపు మూల. అది ఒప్పందం. దోమల విషయంలో ఆవిడకి నేను చెప్పింది వేరు. ఎండుటాకులో దోమ పుట్టదు, నిలవనీటిలో పుడుతుంది. పూలకుండీల కింద పళ్లేల్లో, దొర్లిపడ్డ కొబ్బరిచిప్పల్లో, డాబా మీద పాత టైరులో. అవి ఏరేశాం.

పిట్టలకి పెట్టే నీళ్లలో మాత్రం పుట్టవా అంటే, రోజూ మారిస్తే పుట్టవు. గుడ్డు నుంచి దోమయ్యేదాకా దానికి వారం అటూఇటూ పడుతుంది. పెరటి పిట్టలకి ఒక్క వస్తువు ఇవ్వాలంటే నేనిచ్చేది నీళ్లే, గింజలు కాదు. కుండలవాళ్ల దగ్గర దొరికే వెడల్పు మట్టిమూకుడు చాలు. లోతు రెండంగుళాలు దాటకూడదు, లోపల కాలు మోపేందుకు ఒక రాయి. పిల్లి పొంచి దూకలేనంత దూరంలో, వెంటనే ఎగిరి వాలేందుకు కొమ్మ అందేంత దగ్గర్లో పెట్టాలి. రోహిణీ కార్తెలో మా మూకుడు దగ్గర గంటసేపు కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. పికిలిపిట్ట మూకుడులోకి దిగి సగం నీళ్లు బయటికి చిమ్మేస్తుంది. గువ్వ ముక్కు ముంచితే ఎత్తకుండా తాగుతుంది, మిగతావాటిలా తల పైకెత్తి మింగదు. కాకి ఎక్కడినుంచో ఎండిన చపాతీముక్క తెచ్చి, నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక తీసుకుపోతుంది. మిగిలిన వాళ్లు ఆ కుడితినీళ్లు తాగాలి. అందుకే మధ్యాహ్నం ఒకసారి మార్చాల్సి వస్తుంది. మూకుడు రెండురోజులకోసారి కొబ్బరిపీచుతో తోమాలి, లేకపోతే జబ్బులు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి.

గింజల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పుణ్యమని డాబా మీద జొన్నలు బస్తాలకొద్దీ పోసేవాళ్లున్నారు. వచ్చేవి పావురాలు. వందలకొద్దీ వచ్చి ఇంకేదీ నిలబడకుండా చేస్తాయి, వాటి రెట్ట ఎండి ధూళిగా లేస్తే మనుషుల ఊపిరితిత్తులకి చేటు. గుప్పెడు నూకలు చాలు. ఉప్పు, నూనె తగిలిన మిగులు వద్దు. అంతకంటే, జామచెట్టు చిటారుకొమ్మ కాయలు కోయడం మానేయండి. అవి ఎవరికి చేరాలో వాళ్లకి చేరతాయి. ఆ వచ్చేవాళ్లలో రామచిలకలుంటాయి. 2018 నుంచి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి అదే. పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. రాష్ట్రపక్షిని పంజరంలో పెట్టి వసారాలో వేలాడదీసి దానిచేత "రామ రామ" అనిపించే ఇళ్లు నేను చూశాను.

ఇప్పుడు తేనెపిట్ట గురించి చెప్పాలి.

మొన్న ఫిబ్రవరిలో వెనక సన్‌షేడ్ కింద ఒక పాత కేబుల్ తీగ వేలాడుతుండేది. డిష్ పెట్టించాక దాంతో పనిలేదు. తీగ చివర ముడి ఉంది, ఆ ముడికి ఒకరోజు బూజు పట్టినట్టు కనబడితే చీపురు తిరగేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రెండు నిమిషాలకి బొటనవేలంత పిట్ట, వీపు మట్టిరంగు, పొట్ట లేత పసుపు, ముక్కు సన్నగా వంపు తిరిగి, ఆ ముక్కుకి సాలెగూటి పోగులు మీసాల్లా అంటుకుని, వచ్చి తీగ మీద వాలింది. ఆ పోగుల్ని తీగకి చుట్టింది. వెళ్లింది. మళ్లీ తెచ్చింది.

కట్టినదంతా ఆడదే. మగాడు మునగచెట్టు మీద కూర్చుని పాడేవాడు. నీడలో నల్లగా, ఎండ పడితే నీలం ఊదా కలిసి మెరిసిపోయేవాడు. జతకట్టే కాలం దాటాక ఆ మెరుపు పోయి ఆడదానిలాగే అయిపోతాడు, గొంతు నుంచి పొట్టదాకా ఒక నల్లచార తప్ప. ఇంతకాలం ఆ చారపిట్ట ఇంకో రకం అనుకున్నాను. సాలెదారంతో వేలాడే సంచి అల్లి, దానికి ఎండుగడ్డి, బెరడుముక్కలు, చీడ తిన్న ఆకు ఈనెలు, గొంగళిపురుగుల రెట్ట, మావాడి నోట్‌బుక్ చివరలోంచి ఊడిన కాగితంముక్క అన్నీ అతికించింది. దూరం నుంచి చూస్తే చీపురులోంచి ఊడిన చెత్త. పక్కగా కన్నం, కన్నం మీద వాన పడకుండా ముందుకొచ్చిన చిన్న చూరు. లోపలికి దూరి, రొమ్ముతో అదుముతూ గుండ్రంగా తిరిగేది. అప్పుడు గూడు బయటినుంచి ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బేది. తొమ్మిదో రోజుకి లోపల దూది పరిచింది.

ఆ సాలెదారమంతా ఎక్కడిదా అని చూస్తే, మా మెట్ల కిందిది. సంక్రాంతికి బూజు దులిపినప్పుడు మెట్ల కింద చెయ్యి పట్టక వదిలేసిన మూల అది. పిల్లలు పుట్టాక కూడా అక్కడికే. పేరుకి తేనెపిట్ట గానీ, పిల్లల నోట్లో పెట్టేది సాలీళ్లని, దోమల్లాంటి చిన్న పురుగుల్ని. ఆ పని మాత్రం మగాడూ చేశాడు. అంటే ఆ ఇంటికి సిమెంటు, ఇనుము, ఇసుక, ఆపైన బియ్యం కూడా మా బూజే. తెలుగింట్లో బూజు కంటే పెద్ద పరువు తక్కువ ఇంకోటి లేదు. బూజుకర్ర లేని ఇల్లుండదు. అలాంటిది, ఆ మెట్ల కింద మూల ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ముట్టరు. చుట్టాలొస్తే మా ఆవిడకి టెన్షన్. మెట్లకి అడ్డంగా బియ్యం డబ్బా జరుపుతుంది.

మేం చేసిందంతా కలిపి ఇంతే. బట్టలు ఆరేసే తాడు అవతలికి మార్చాం. రాత్రి ఆ వైపు లైటు వేయలేదు. ఫోటోల కోసం కుర్చీ ఎక్కడం నేను మానేశాను, ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. నా లెక్కలో మొదటి గుడ్డు నుంచి చివరి పిల్ల ఎగిరేదాకా నెల పట్టింది. పిల్లలు రెండు. ఒకటి పొద్దున్న ఎగిరింది. రెండోది ఆ మర్నాడు ఎగరబోయి జామ మొదట్లో పడింది. మావాడు పరిగెత్తి తీయబోయాడు. ఒంటినిండా ఈకలుండి, గంతులు వేస్తుంటే ఆ పిల్లకి ఏ జబ్బూ లేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ఈకలు రాని పచ్చిపిల్ల అయితే గూట్లో పెట్టేయొచ్చు, మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది ఒట్టి మాట. నోట్లో నీళ్లు పోయడం మాత్రం చేయకూడదు, ఊపిరి గొట్టంలోకి పోయి చస్తుంది. మేం పిల్లిని కాపలా కాస్తూ దూరంగా నిలబడ్డాం. ఇరవై నిమిషాలకి అది మందారం మీదికి చేరింది.

ఇంత చిన్న తీగ మీద ఇంత చర్చ ఎందుకంటే, చెట్లకి మా జిల్లాలో భరోసా లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విచిత్రం, హుద్‌హుద్ అంటే అరబ్బీలో కూకుడుగువ్వ, తల మీద కిరీటంలాంటి జుత్తున్న పిట్ట. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మందస వైపు మా పెద్దమ్మగారి పెరట్లో కొబ్బరి, పనస, జీడి ఒక్క రాత్రిలో పడుకున్నాయి. తెల్లారి అక్కడికి వెళ్తే నిశ్శబ్దంగా ఉంది, కాకులు సైతం నేల మీద తిరుగుతున్నాయి, వాలేందుకు ఎత్తులేక. తర్వాతి వేసవికి అక్కడ ఒక కాకి విరిగిన కరెంటు స్తంభం మీద ఇనుపతీగ ముక్కలతో గూడు కట్టింది. పరిహారం లెక్క కట్టేవాళ్లు చెట్లని లెక్కపెట్టారు. ఒక్కో చెట్టులో ఎన్ని కాపురాలున్నాయో లెక్క లేదు. మళ్లీ పాతిన కొబ్బరి కాపుకొచ్చింది గానీ, పనస నీడ రావడానికి ఇంకా టైముంది. ఈలోపల తీగలూ, షట్టర్లూ, ఫోటోల వెనకలే వాటికి గతి.

పోయిన నెల ఇంటర్నెట్ పెట్టడానికి ఒక కుర్రాడొచ్చాడు. సన్‌షేడ్ కింద పాత తీగ చూసి, "అన్నా, ఇది వేస్టే కదా, కోసేసి కొత్తది ఇటే లాగేస్తాను" అన్నాడు. కటింగ్ ప్లయర్ తీశాడు. గూడు అప్పటికి ఖాళీ. గాలికి ఒకవైపు చిరిగి, దూది బయటికొచ్చి వేలాడుతోంది. నేను ఏమనాలో ఆలోచిస్తుండగానే వంటింట్లోంచి అమ్మ గొంతు వినబడింది. "ఒగ్గేయ్ బాబూ, అది నీకేటి అడ్డమొచ్చింది?"

వాడు ఆ చింపిరి సంచిని ఒకసారి, వంటింటి కిటికీని ఒకసారి చూశాడు. కొత్త తీగని గోడ మీదుగా, మునగచెట్టు పక్కనుంచి తిప్పి తెచ్చాడు. ఎనిమిది మీటర్లు ఎక్కువ పట్టిందని బిల్లులో వేశాడు.